సెలవు రోజు డ్యూటీ: సంతకం పెట్టినా హక్కు పోదు

ప్రశ్న: గుంటూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో పనిచేస్తున్నాను. ఆగస్టు 15న జెండా వందనం అవగానే షిఫ్టులోకి పంపారు. డబుల్ జీతం అడిగితే, ‘సెలవు రోజు పనికి అదనంగా అడగనని చేరినప్పుడే సంతకం పెట్టావుగా’ అంటున్నారు. నాకు దారేమిటి?

జవాబు: ఆ కాగితం చూసి వెనక్కి తగ్గకండి. పరిశ్రమల్లో జాతీయ, పండుగ సెలవుల కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1974లోనే చట్టం వచ్చింది. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 వంటి రోజులు జీతంతో కూడిన సెలవులు. ఆ రోజు పని చేయించుకుంటే రెట్టింపు వేతనం ఇవ్వాలి. లేదా ఆ రోజు వేతనం ఇచ్చి, బదులుగా మరో రోజు జీతంతో సెలవివ్వాలి. మిఠాయి పొట్లం చేతిలో పెట్టి పంపితే చెల్లదు.

లెక్కలోనే చాలామంది నష్టపోతున్నారు. మీ రోజు వేతనం 600 రూపాయలు అనుకుందాం. దినకూలీ అయితే ఆ రోజుకు 1,200 రావాలి. నెల జీతమైతే సెలవు రోజు 600 జీతంలో ఎలాగూ కలిసే ఉంటుంది. పని చేసినందుకు మరో 600 విడిగా రావాలి. ‘నెల జీతం పూర్తిగా ఇచ్చాంగా’ అంటే ఆ రోజు చాకిరీ ఉచితంగా చేయించుకున్నట్టే.

ఇక సంతకం సంగతి. చట్టాన్ని వమ్ము చేసే ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా, తన కింద రావాల్సిన సొమ్మును కార్మికుడు వదులుకున్నట్టు రాయించుకున్న ఒప్పందం చెల్లదంటోంది. బాకీ వేతనం కోసం మూడేళ్లలోపు క్లెయిము వేయవచ్చు. అప్పుడు చెల్లించామని రుజువు చేసుకోవాల్సింది యాజమాన్యమే.

అయినా ఆ రోజు పని చేశారనడానికి మీ దగ్గర ఆధారం ఉండాలి. డ్యూటీ చార్టు ఫొటో, హాజరు వివరాలు, సూపర్‌వైజర్ పంపిన వాట్సాప్ మెసేజ్, పే స్లిప్ దాచుకోండి.

యాజమాన్యాలకూ ఒక మాట. పండక్కి ఎవరు రావాలో, ఏమిస్తారో ముందే రాసి నోటీసు బోర్డులో పెట్టండి. ఏటా అదే మనిషికి సంక్రాంతి డ్యూటీ వేయడం అన్యాయం.

మీరు మాత్రం ముందు యాజమాన్యానికి అర్జీ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. జవాబు రాకపోతే ఆ కాపీతో కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లండి. తోటివారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి.