ఏ ఎలుకో ముందు చూడు

చిట్టీ,

నీ ఉత్తరం అందినప్పటినుంచి మనసు కుదురుగా లేదు. మిగతావాటితో కలవడం లేదని ఆ నాలుగు ఎలుకల్నీ లెక్కలోంచి తీసేస్తానన్నావు. తీసెయ్యకు తల్లీ. అవి ఏ ఎలుకలో ముందు చూడు. వయసెంత, ఆడదా మగదా, ఈనిందా, పిల్లలకు పాలిస్తోందా?

నువ్వు కొలిచే గ్లుటమేట్ సంగతి నీకు నేను చెప్పాలా! నాడీకణం వదిలినదాన్ని పక్కనున్న ఆస్ట్రోసైట్ కణం లాగేసుకుని, గ్లుటమిన్‌గా మార్చి, తిరిగి నాడీకణానికే అందిస్తుంది. లాగడం ఆలస్యమైతే కబురు పక్క నాడీసంధులకూ పాకుతుంది. మరీ పేరుకుపోతే కణాలే చస్తాయి. అయితే ఆ లాగుడు అన్నివేళలా ఒకేలా ఉండదు. నా గొడవంతా అక్కడే. 2001లో బోర్డోనుంచి ఒలియె బృందం 'సైన్స్' పత్రికలో ప్రచురించిన వ్యాసం మళ్లీ చదువు. పాలిచ్చే తల్లి ఎలుకల్లో, హైపోథాలమస్‌లోని సుప్రాఆప్టిక్ కేంద్రకంలో, ఆస్ట్రోసైట్ల కొమ్మలు నాడీకణాల మధ్యనుంచి వెనక్కి తగ్గుతాయి. గ్లుటమేట్ నెమ్మదిగా తొలగుతుంది. నిలిచిపోయిన ఆ గ్లుటమేటే దాన్ని వదిలే నాడీకొసల మీద పనిచేసి, తర్వాతి విడుదలను తగ్గిస్తుంది. ఈననిదాన్నీ పాలిచ్చేదాన్నీ ఒకే గాటన కట్టి సగటు తీసి ఉంటే ఇది బయటపడేదా? నీది హిప్పోకాంపస్, చోటు వేరంటావు. ఒప్పుకున్నాను. అయినా ఏ ఎలుక ఏ స్థితిలో ఉందో రాసుకో.

మా కాలేజీలో డిసెక్షన్‌కు కప్పలు తెచ్చే అటెండరు ఒకాయన ఉండేవాడు. ఏ చెరువుది, ఎప్పుడు పట్టింది, గుడ్లతో ఉందా లేదా, అన్నీ తొట్టి మీద సుద్దముక్కతో రాసేవాడు. మా లెక్చరర్లకే అంత శ్రద్ధ లేదు. ప్రాక్టికల్ పరీక్షరోజు నాకు కడుపునిండా గుడ్లున్న కప్ప వచ్చింది. ఎంత తీసినా గుడ్లే, నరం కనబడదు. నా ఏడుపుమొహం చూసి ఆ అటెండరే, ఎగ్జామినరుతో ఏం చెప్పాడో ఏమో, పక్క తొట్టిలోంచి ఇంకోటి తెచ్చి పెట్టాడు.

రాత్రి రెండింటిదాకా మైక్రోస్కోపు ముందే ఉంటున్నావట, అమ్మ చెప్పింది. అన్నం తింటున్నావా? గోంగూర పచ్చడి పంపాను, తడి చెంచా పెట్టకు. చిక్కిపోయి వచ్చావంటే మీ అత్తయ్య నన్నే తిడుతుంది.

అన్నట్టు, తేదీ ఒక్కటే రాస్తే చాలదు. బోను మార్చిన రోజు, పిల్లల్ని వేరుచేసిన రోజు కూడా రాయాలి. చేత్తో రాయి, అప్పటికప్పుడే రాయి.

ఆ నాలుగింటి బోను కార్డుల మీద ఏముందో ఈ వారంలోనే నాకు రాయి. అప్పటిదాకా మీ గైడుగారికి ఏ పట్టికా పంపకు.

మీ మావయ్య