నిర్మాణ శబ్దం – మన నిద్ర, మన ఆరోగ్యం

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో నేల చాలాచోట్ల రాతి బండే. పునాదికైనా, బోరుకైనా బండను తొలచక తప్పదు. ఆ మోత మనందరికీ తెలిసినదే.

హాని ఏమిటి? రోజూ పెద్ద శబ్దం వింటే నిద్ర చెడుతుంది, చిరాకు కలుగుతుంది, రక్తపోటు పెరగవచ్చు. పసిబిడ్డలు, బాలింతలు, గుండె జబ్బు గలవారు ఎక్కువ బాధపడతారు. 85 డెసిబెల్స్ మించిన మోతలో ఏళ్ళ తరబడి పనిచేసే కూలీలకు వినికిడి పోవచ్చు. పోయినది తిరిగి రాదు.

చట్టం ఏమంటుంది? 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ళున్న చోట పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. 2010 సవరణ ప్రకారం అక్కడ రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు మోత చేసే నిర్మాణ యంత్రాలు నడపరాదు.

ఇల్లు కట్టించేవారు పాటించవలసినవి:
1. బండ తొలిచే రోజు, వేళ ఇరుగుపొరుగు ఇళ్ళకు, దుకాణాలకు ముందే చెప్పండి.
2. జనరేటరును, కంప్రెసరును ఇళ్ళకు దూరంగా పెట్టించండి. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది.
3. యంత్రానికి, ఇళ్ళకు మధ్య ఖాళీలు లేకుండా ఎత్తైన అడ్డు కట్టించండి.
4. కూలీలకు చెవి రక్షణ సాధనాలు ఇవ్వండి.

రాత్రివేళ మోత ఆగకపోతే మొదట మేస్త్రీతో, యజమానితో మంచిగా మాట్లాడండి. వినకపోతే తేదీ, సమయం వ్రాసి పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేయండి.

ఇల్లు కట్టవద్దని కాదు, పక్కింటివారి నిద్ర కాపాడుతూ కట్టమని మా మనవి.