ఎంపిక గొప్పదా? అదృష్టం గొప్పదా?

ఇంకా పరీక్షే రాయని విద్యార్థికి మీరు మార్కులు వేయగలరా? "అదెలా కుదురుతుంది మాస్టారూ!" అంటారు కదూ? కాని అమెరికాలో ప్రతి ఏడాదీ ఏప్రిల్ నెలాఖరున లక్షలాది మంది సరిగ్గా ఆ పనే చేస్తుంటారు. తమ అభిమాన ఫుట్‌బాల్ జట్టు ఎన్నుకున్న కొత్త ఆటగాళ్ల జాబితా చూడగానే ఒకరు "భేష్!" అంటారు. మరొకరు "జట్టును ముంచేశారు" అంటారు. ఆ కుర్రవాళ్లు జట్టు తరఫున అప్పటికి ఒక్క ఆటయినా ఆడి ఉండరు.

ఆటల వాదనతో విజ్ఞానశాస్త్రానికి ఏం పని అనుకోకండి. ఒక నిర్ణయం మంచిదో చెడ్డదో దేన్నిబట్టి తేల్చాలి? ఇది శాస్త్రజ్ఞుల ప్రశ్న. కొత్త మందును పరీక్షించే వైద్యుడికి, కొత్త రకం విత్తనం వేసే రైతుకు కూడా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. అందుకని ఈ ఫుట్‌బాల్ తగవును మనం కొంచెం శ్రద్ధగా పరిశీలిద్దాం.

డ్రాఫ్ట్ అంటే ఏమిటి?

అమెరికా ఫుట్‌బాల్ మనం ఆడే ఫుట్‌బాల్ వంటిది కాదు. రెండు కొసలూ మొనదేలిన బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు. ఒక్కో పక్షాన మైదానంలో 11 మంది ఉంటారు. వారిలో బంతిని విసిరి ఆట నడిపించేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరం.

అక్కడి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో 32 జట్లు ఉన్నాయి. కళాశాలల్లో ఆడి పేరు తెచ్చుకున్న యువకులను ఈ జట్లు వంతులవారీగా ఎన్నుకుంటాయి. ఈ పద్ధతినే డ్రాఫ్ట్ అంటారు. క్రిందటి ఏడు అందరికంటే ఎక్కువగా ఓడిపోయిన జట్టుకు మొదటి వంతు, విజేతకు చివరి వంతు. డబ్బున్న జట్లే మంచి ఆటగాళ్లందరినీ ఎగరేసుకుపోకుండా ఉండాలని 1935లో ఫిలడెల్ఫియా జట్టు యజమాని బెర్ట్ బెల్ ఈ ఉపాయం సూచించాడు. 1936లో మొదటి డ్రాఫ్ట్ జరిగింది. అందులో మొట్టమొదట ఎన్నికైన జే బెర్వాంగర్ లీగ్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు! అంటే ఊహకూ ఫలితానికీ పొత్తు కుదరకపోవడం మొదటి రోజు నుంచీ ఉన్నదే.

ఇప్పుడు డ్రాఫ్ట్‌లో 7 రౌండ్లు ఉంటాయి. మొత్తం మీద సుమారు 250 నుంచి 260 మందిని ఎన్నుకుంటారు. ప్రతి ఎంపికకూ ఒక వరుస సంఖ్య ఉంటుంది. జట్లు తమ వంతులను ఒకదానితో ఒకటి మార్చుకోవచ్చు కూడా.

అభిమానుల్లో మూడు పక్షాలు

ఎంపికలను తూచే విషయంలో అభిమానులు మూడు పక్షాలుగా చీలిపోతారు.

మొదటి పక్షంవారు మర్నాడే తీర్పు చెప్పేస్తారు. నిపుణుల జాబితాలో 20వ స్థానంలో ఉన్నవాణ్ణి 40వ వంతులో దొరకబుచ్చుకుంటే అది లాభసాటి బేరమని వీరి లెక్క.

రెండవ పక్షంవారు "తొందరపడకండి, మూడేళ్లు ఆగి చూడండి" అంటారు. ఆటగాడు రాణిస్తే మంచి ఎంపిక, లేకుంటే దండగ. ఫలితమే వీరికి ప్రమాణం.

మూడవ పక్షంవారు ఇంకో మాట అంటారు. "ఆ వరుస సంఖ్యలో ఎన్నికైన వారు మామూలుగా ఎలా ఆడతారో చూసి, దానితో పోల్చండి" అంటారు.

ఈ ముగ్గురిలో ఎవరిది న్యాయం? రెండు నిజమైన ఉదాహరణలు చూద్దాం.

199వ వాడి కథ

2000 సంవత్సరపు డ్రాఫ్ట్‌లో టామ్ బ్రేడీ అనే క్వార్టర్‌బ్యాక్ 199వ వాడుగా ఎన్నికయ్యాడు. అంతకుముందు జరిగిన పరీక్షల్లో అతడు 40 గజాల దూరం పరుగెత్తడానికి 5.28 సెకన్లు తీసుకున్నాడు. 40 గజాలంటే సుమారు 36.6 మీటర్లు. అంటే అతని సగటు వేగం సెకనుకు 6.9 మీటర్లు. ఆ ఆటలో ఇది చాలా నెమ్మది. అతనికంటే ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాకులను వేరే జట్లు తీసుకున్నాయి. చివరకు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ అతణ్ణి తీసుకుంది. ఆ బ్రేడీయే సూపర్ బౌల్ అనే అంతిమ పోటీని 7 సార్లు గెలిచాడు!

"ఆహా, ఎంత దూరదృష్టి!" అని ఆ జట్టును అందరూ పొగిడారు. కాని ఒక్క సంగతి గమనించండి. అదే డ్రాఫ్ట్‌లో బ్రేడీకంటే ముందు అదే జట్టు మరో ఆరుగురిని ఎన్నుకుంది. అతడింత గొప్పవాడవుతాడని నిజంగా తెలిసి ఉంటే 199వ వంతు దాకా ఎందుకు ఆగుతారు? మధ్యలో ఇంకొకరు తన్నుకుపోతే? కనుక ఇందులో వారి వివేకం కొంత, అదృష్టం చాలా ఉన్నాయి. ఫలితాన్ని మాత్రమే చూస్తే ఈ రెండూ కలగలిసిపోతాయి.

ఇక రెండవ ఉదాహరణ. 1998లో పేటన్ మానింగ్, రయన్ లీఫ్ అనే ఇద్దరు క్వార్టర్‌బ్యాకులలో ఎవరు మేలు అని డ్రాఫ్ట్‌కు ముందు గొప్ప చర్చ జరిగింది. ఇండియానాపొలిస్ జట్టు మొదటి వంతులో మానింగ్‌ను తీసుకుంది. శాన్ డియేగో జట్టు మూడవ వంతు నుంచి రెండవ వంతుకు ఎక్కడం కోసం తన మూడవ ఎంపికతో పాటు మరుసటి ఏడాది మొదటి రౌండు ఎంపికను, మరికొన్నింటిని కూడా వదులుకుని లీఫ్‌ను తీసుకుంది. మానింగ్ 5 సార్లు లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడుగా ఎన్నికయ్యాడు. లీఫ్ ఆడినవి మొత్తం 25 ఆటలు. అతడు విసిరిన బంతుల్లో 14 స్కోరు తెచ్చిపెడితే, 36 ప్రత్యర్థుల చేతికి చిక్కాయి.

ఈనాడు ఎవరిని అడిగినా "మానింగే మేలని ముందే తెలుసు" అంటారు. జరిగిపోయాక అంతా ముందే తెలిసినట్లు తోచడం మనిషి మనస్సుకున్న ఒక బలహీనత. దీన్ని మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రయోగాలు చేసి నిరూపించారు కూడా.

వరుస సంఖ్య చెప్పే సంగతి

మూడవ పక్షంవారి పద్ధతిని ఒక లెక్కతో చూద్దాం. ఇవి కేవలం ఊహించుకున్న అంకెలు. ముందు వరుసలో ఎన్నికైన వారిలో 10కి 6 మంది, చివరి వరుసలో ఎన్నికైన వారిలో 10కి ఒక్కడు రాణిస్తారనుకుందాం. 'క' జట్టు ముందు వరుసలో 5 మందిని తీసుకుంటే 3 మంది రాణించారు. 'చ' జట్టు చివరి వరుసలో 10 మందిని తీసుకుంటే 2 మంది రాణించారు. ఏ జట్టు బాగా ఎన్నుకుంది?

"3 పెద్దది కనుక 'క' జట్టు" అన్నారంటే పప్పులో కాలేసినట్లే! 'క' జట్టు నుంచి మనం ఆశించవలసింది 5లో 3. సరిగ్గా అంతే వచ్చింది. 'చ' జట్టు నుంచి ఆశించవలసింది 10లో 1. దానికి రెట్టింపు వచ్చింది. ప్రయోగశాలలో మందు ఇచ్చిన మొక్కను మందు ఇవ్వని మొక్కతో పోల్చినట్లే, ఇక్కడ కూడా పోల్చడానికి ఒక ఆధారం కావాలి. ఆధారం లేని కొలత కొలతే కాదు.

అయితే వెంటనే 'చ' జట్టుకు హారతులు పట్టకండి. 10 మందిలో ఒక్కొక్కరికి పదింట ఒక వంతు అవకాశం ఉన్నప్పుడు, ఏ ప్రత్యేకమైన తెలివీ లేకుండానే ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది రాణించడం 100కి 26 సార్లు జరుగుతుంది. సంభావ్యత లెక్కలు చదివాక మీరే దీన్ని సరిచూసుకోవచ్చు.

అదృష్టం వాటా ఎంత?

కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అనే ఇద్దరు పరిశోధకులు ఎన్నో సంవత్సరాల డ్రాఫ్ట్‌లను పరిశీలించి 2013లో ఒక పత్రం ప్రచురించారు. ఈ థేలర్‌కు 2017లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఒకే స్థానంలో ఆడే వారిలో ముందు ఎన్నికైనవాడు తన వెనువెంట ఎన్నికైన వాడికంటే బాగా ఆడే అవకాశం, నాణెం ఎగరేస్తే బొమ్మ పడే అవకాశం కంటే కొంచెమే ఎక్కువని వారు కనుగొన్నారు.

అంటే నిపుణుల విద్య అంతా వట్టిదేనా? అలా కాదు. అందరినీ కలిపి చూస్తే ముందు ఎన్నికైన వారి సగటు చివరి వారి సగటు కంటే మెరుగ్గానే ఉంటుంది. మామిడికాయలను పెద్దవి, చిన్నవి అని రెండు బుట్టలుగా తేలిగ్గా వేరుచేయవచ్చు. కాని పెద్ద బుట్టలోని రెండు కాయల్లో ఏది ఎక్కువ తీపో పైనుంచి చూసి చెప్పగలమా? నిపుణుల చూపు కూడా అంతవరకే.

ఇప్పుడు ఒక ప్రయోగం. మీ తరగతిలో 32 మంది చేత, అంటే జట్టుకు ఒకరు చొప్పున, తలా 5 సార్లు నాణెం ఎగరేయించండి. బొమ్మ పడితే 'మంచి ఎంపిక', బొరుసు పడితే 'దండగ'. వరుసగా 5 బొమ్మలు పడే అవకాశం 32లో 1. కనుక మీ తరగతిలో సగటున ఒకరికి అన్నీ బొమ్మలే పడతాయి, ఒకరికి అన్నీ బొరుసులే పడతాయి. మొదటి వాడు మేధావా? రెండవ వాడు మూర్ఖుడా? ఇద్దరూ చేసింది నాణెం ఎగరేయడమే కదా! కాని ఫుట్‌బాల్ లోకంలో మొదటివాడికి సన్మానం జరుగుతుంది, రెండవవాడి ఉద్యోగం ఊడుతుంది.

అదే 20 సార్లు వరుసగా బొమ్మ పడాలంటే అవకాశం 10,48,576లో 1. అలా ఎవరికైనా పడితే ఆ నాణేన్ని తప్పకుండా అనుమానించాలి. అంటే నమూనా పెరిగేకొద్దీ అదృష్టం వాటా తగ్గి, అసలు నైపుణ్యం పైకి తేలుతుంది. ఒక జట్టుకు ఏడాదికి సుమారు 7 ఎంపికలే కనుక 20 పూర్తి కావడానికి మూడేళ్లు పడుతుంది. ఆగమన్న రెండవ పక్షంవారి మాటలో ఉన్న నిజం ఇదే. కాని ఒక్క ఆటగాడి కోసం ఎన్నేళ్లు ఆగినా అది ఒక్క నాణెమే. పెరగవలసింది ఎంపికల సంఖ్య.

కొలబద్దలోనే వంకర

ఇంకొక చిక్కు ఉంది. "రాణించాడు" అని దేన్నిబట్టి అంటాం? ఎక్కువ ఆటలు ఆడితే రాణించినట్లేనా? ముందు వరుసలో తీసుకున్నవాడిపై జట్టు చాలా ఖర్చు పెట్టి ఉంటుంది. సరిగా ఆడకపోయినా అవకాశాలు ఇస్తూనే ఉంటుంది. 1995లో బ్యారీ స్టా, హా హోంగ్ అనే పరిశోధకులు బాస్కెట్‌బాల్ డ్రాఫ్ట్‌లో ఇదే చూపారు. ఒకే విధంగా ఆడుతున్న ఇద్దరిలో ముందు ఎన్నికైన వాడికే ఎక్కువసేపు మైదానంలో ఉండే అవకాశం దక్కింది. ఇలాంటప్పుడు ఆడిన సమయాన్ని కొలబద్దగా తీసుకుంటే మన పాత ఊహనే మళ్లీ కొలుస్తున్నామన్నమాట!

రెండు ప్రశ్నలను వేరు చేయండి

కనుక అభిమానుల తగవు తీరాలంటే ఒక ప్రశ్నను రెండుగా విడదీయాలి. ఆనాటికి తెలిసిన సమాచారంతో చేసిన నిర్ణయం సరైనదేనా? ఇది మొదటిది. ఫలితం బాగా వచ్చిందా? ఇది రెండవది. మంచి నిర్ణయానికి చెడు ఫలితం రావచ్చు. ఆటగాడి మోకాలు విరుగుతుందని ఎవరికి తెలుసు? చెడ్డ నిర్ణయానికి మంచి ఫలితం కూడా రావచ్చు. రోడ్డుకు అటూ ఇటూ చూడకుండా దాటినవాడు క్షేమంగా అవతలికి చేరినంత మాత్రాన అది మంచి పద్ధతి అయిపోతుందా?

ఈ తేడా తెలియకపోతే నష్టం ఎవరికి? 21, 22 ఏళ్ల కుర్రవాడికి. తన వంతు ఎక్కడ రావాలో అతడు నిర్ణయించలేదు. అతని కోసం ఏమేమి వదులుకోవాలో అతడు చెప్పలేదు. కాని 'దండగ' అన్న ముద్ర మాత్రం జన్మంతా అతనిపైనే ఉంటుంది. మనం కూడా ఒక్క పరీక్షలో వచ్చిన మార్కులను చూసి తోటివారికి ఇలాంటి ముద్రలు వేస్తుంటాం. ఆ మార్కులు కూడా ఒకటి రెండు నాణేలే!

ఆలోచించండి

1. కర్ట్ వార్నర్‌ను 1994 డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ ఎన్నుకోలేదు. కొంతకాలం కిరాణా దుకాణంలో సరుకులు సర్దిన అతడు 2000 జనవరిలో సూపర్ బౌల్ గెలిచాడు. దీన్నిబట్టి "డ్రాఫ్ట్ పనికిరానిది" అనవచ్చునా? అలా అనే ముందు ఇంకా ఏ సమాచారం కావాలి?

2. 2022 డ్రాఫ్ట్‌లో అందరికంటే చివర, 262వ వాడుగా ఎన్నికైన బ్రాక్ పర్డీ 2024 ఫిబ్రవరిలో శాన్ ఫ్రాన్సిస్కో జట్టును సూపర్ బౌల్ దాకా నడిపించాడు. ఇలాంటి వారి పేర్లే మనకు ఎందుకు ఎక్కువగా గుర్తుంటాయి? 262వ వంతులో ఎన్నికై మరుగునపడినవారిని లెక్కలో చేర్చితే ఏమవుతుంది?

3. మీ ఊళ్లో ఇద్దరు రైతులు వేర్వేరు రకాల వేరుశనగ విత్తనం వేశారు. ఒకరికి ఎక్కువ దిగుబడి వచ్చింది. ఆ విత్తనమే మేలని నిర్ణయించే ముందు మీరు అడగవలసిన ప్రశ్నలు నాలుగు రాయండి.