ఐదు ఓట్ల నియోజకవర్గం

నాయకుల పేర్లను చరిత్ర పదిలపరుస్తుంది. వారిని ఎన్నుకొన్న నియోజకవర్గాలను తరచుగా విస్మరిస్తుంది. సెంట్రల్ ఫిన్స్‌బరీ అటువంటి విస్మృత నియోజకవర్గాలలో ఒకటి. లండన్ మహానగరపు నడిబొడ్డున, పురాతన నగర సరిహద్దులకు ఉత్తరంగా ఉన్న క్లర్కెన్‌వెల్ ప్రాంతం దీనికి ప్రధాన భాగం. 1885లో ఏర్పడి 1918లో అంతరించిన ఈ నియోజకవర్గం ఆయుష్షు ముప్పై మూడేళ్లు మాత్రమే. అయినా, దాని చరిత్రలోని ఒక్క ఘట్టం భారతదేశ చరిత్రతో విడదీయరానిదైంది.

ఫిన్స్‌బరీకి పార్లమెంటులో ప్రాతినిధ్యం లభించింది 1832 నాటి సంస్కరణ చట్టం వల్ల. అప్పుడది ఇద్దరు సభ్యులను ఎన్నుకొనే విశాలమైన నియోజకవర్గం. వైద్య పత్రిక 'లాన్సెట్'ను స్థాపించిన థామస్ వాక్లీ, ప్రజాపక్షపాతి థామస్ డన్‌కోంబ్ దానికి చిరకాలం ప్రతినిధులుగా ఉన్నారు. వయోజనులైన పురుషులందరికీ ఓటు హక్కు కావాలనీ, ఓటు రహస్యంగా వేసే ఏర్పాటు ఉండాలనీ కోరుతూ ముప్పై లక్షల మందికి పైగా చేవ్రాళ్లు చేసిన ఛార్టిస్టుల మహజరును 1842లో కామన్స్ సభకు సమర్పించినవాడు ఈ డన్‌కోంబే. సభ దానిని తిరస్కరించింది. ఆ కోరికలు మాత్రం ఫిన్స్‌బరీ వీథులలో సజీవంగానే ఉన్నాయి.

1885లో నియోజకవర్గాల పునర్విభజన జరిగింది. పాత ఫిన్స్‌బరీ ముక్కలై, హోబర్న్, సెంట్రల్ ఫిన్స్‌బరీ, ఈస్ట్ ఫిన్స్‌బరీ వంటి నియోజకవర్గాలు ఏర్పడ్డాయి. ఒక్కొక్కదానికి ఒక్కడే సభ్యుడు. క్లర్కెన్‌వెల్ గడియారాల తయారీకి ప్రసిద్ధి. ఒకరు చక్రాలు, మరొకరు ముళ్లు, ఇంకొకరు పైపెట్టె చేయగా, ఒక గడియారం పూర్తయ్యేలోగా అనేకుల చేతులు మారేది. నగల పనివారు, ముద్రణాలయాల కార్మికులు కూడా ఆ ఇరుకు వీథులలోనే బ్రతుకు వెళ్లదీసేవారు. అయితే వారందరూ ఓటర్లు కారు. నిర్ణీతమైన ఇల్లో, అద్దెగదో ఉన్న పురుషులకే ఆ హక్కు. స్త్రీలకు అసలే లేదు.

దాదాభాయి నౌరోజీ తొలుత పోటీచేసింది పొరుగున ఉన్న హోబర్న్‌లో. 1886 ఎన్నికలలో అక్కడ ఓడిపోయాడు. బొంబాయిలో గణితశాస్త్రం బోధించిన ఈ పార్సీ పండితుడు, భారతదేశపు సంపద ఏటేటా ఇంగ్లండుకు తరలిపోతున్నదని లెక్కలతో నిరూపించిన ఆర్థికవేత్త. తన వాదాన్ని అధికారం ఉన్నచోటనే వినిపించాలన్నది ఆయన సంకల్పం. 1888లో ప్రధానమంత్రి సాలిస్‌బరీ ప్రభువు ఎడింబరో నగరంలో ప్రసంగిస్తూ హోబర్న్ ఓటమిని ప్రస్తావించాడు. ఒక నల్లవాణ్ణి ఎన్నుకొనే స్థితికి బ్రిటిష్ నియోజకవర్గం ఇంకా చేరలేదేమోనన్నాడు. ఆ మాట ఎవరిని కించపరచాలనుకొన్నదో వారికే మేలు చేసింది. లిబరల్ నాయకులు దానిని తీవ్రంగా ఖండించారు. అంతవరకు కొద్దిమందికే తెలిసిన నౌరోజీ పేరు దేశమంతటా మారుమ్రోగింది.

ఆ ఏడాదే సెంట్రల్ ఫిన్స్‌బరీ లిబరల్ అభ్యర్థిగా ఎంపికైనా, స్వపక్షంలోని ప్రత్యర్థివర్గంతో ఆయన చాలాకాలం పోరాడవలసి వచ్చింది. ఐర్లండ్ స్వపరిపాలనను సమర్థించాడు. కార్మికుల కోరికలను, స్త్రీల ఓటు హక్కును బలపరిచాడు. భారతదేశం గురించి మాత్రమే మాట్లాడి ఉంటే గడియారాల పనివాడు ఆయనకు ఓటు వేసేవాడా అన్నది ఆలోచింపదగిన విషయం. 1892 జులైలో ఓట్లు లెక్కించారు. నౌరోజీకి 2,961, కన్సర్వేటివ్ అభ్యర్థి కెప్టెన్ పెంటన్‌కు 2,956. ఆధిక్యం ఐదు ఓట్లు! ఆయన ఇంటిపేరు పలకడం కష్టమన్న సాకుతో, స్వల్పాధిక్యం అనే అర్థం స్ఫురించేలా ఆంగ్లంలో 'నారో మెజారిటీ' అని కొందరు పరిహసించారు.

భారతీయ మూలాలున్న డైస్ సోంబ్ర్ 1841లోనే సడ్‌బరీ నుండి ఎన్నికైనా, లంచాల కారణంగా ఆ ఎన్నిక మరుసటి ఏడు రద్దయింది. కనుక ఆ గౌరవం నౌరోజీకే దక్కుతున్నది. ఆయన అవెస్తా సాక్షిగా ప్రమాణం చేసి సభలో కూర్చున్నాడు. ఆనాడు సుమారు 28 కోట్లున్న భారత జనులలో ఈ దేశంలో ఉండి ఆ సభకు ఓటు వేయగలిగినవాడు ఒక్కడూ లేడు. వారి గోడు వినిపించవలసిన బాధ్యత క్లర్కెన్‌వెల్ ఓటర్ల ప్రతినిధిపై పడింది. ఇండియన్ సివిల్ సర్వీసు పరీక్షలు అప్పట్లో లండన్‌లోనే జరిగేవి. వాటిని భారతదేశంలోనూ ఏకకాలంలో జరపాలన్న తీర్మానం 1893 జూన్‌లో 84-76 ఓట్లతో సభలో నెగ్గింది. ప్రభుత్వం దానిని అమలు జరపలేదు. భారతదేశంలో ఆ పరీక్షలు మొదలైంది 1922లో. సభలో గెలిచిన మాట కార్యరూపం దాల్చడానికి ఇరవై తొమ్మిదేళ్లు!

1895లో లిబరల్ పార్టీ దేశమంతటా దెబ్బతిన్నది. సెంట్రల్ ఫిన్స్‌బరీ కూడా చేజారింది. కన్సర్వేటివ్ అయిన మాసీ-మెయిన్‌వేరింగ్ గెలిచి 1906 వరకు కొనసాగాడు. అటుపిమ్మట కార్మిక సంఘ నాయకుడు స్టెడ్‌మన్, 1910లో మరల కన్సర్వేటివ్ పక్షానికి చెందిన ఆర్చర్-షీ ఎన్నికయ్యారు. ఆర్చర్-షీయే ఈ నియోజకవర్గపు చివరి సభ్యుడు.

ఇంతలో ఊరి రూపమే మారుతున్నది. నివాసగృహాలున్న చోట గిడ్డంగులు, కార్యాలయాలు, కర్మాగారాలు వెలిశాయి. యంత్రాలపై తయారై విదేశాల నుండి దిగుమతైన చౌక గడియారాల ముందు చేతిపని నిలువలేకపోయింది. జనం శివారులకు తరలిపోయారు. ముప్పై ఏళ్లు నిండిన, అర్హతగల స్త్రీలకు ఓటు హక్కునిచ్చిన 1918 నాటి సంస్కరణలతోపాటే నియోజకవర్గాల సరిహద్దులు మారి, సెంట్రల్ ఫిన్స్‌బరీ అదృశ్యమైంది. అంతకు ముందేడే, 1917 జూన్ 30న, నౌరోజీ కన్నుమూశాడు. ఒకే సభ్యునితో ఏర్పడిన ఫిన్స్‌బరీ నియోజకవర్గం కూడా 1950లో షోర్‌డిచ్‌తో కలిసిపోయింది. 1974లో మరల హద్దులు మారి, ఆ పేరు ఇస్లింగ్‌టన్ సౌత్ అండ్ ఫిన్స్‌బరీలో ఒక భాగంగా మిగిలింది.

రోజ్‌బరీ అవెన్యూలో ఉన్న పాత ఫిన్స్‌బరీ టౌన్ హాలు వద్ద నౌరోజీ స్మారక ఫలకం ఉన్నది. ఆ చుట్టుపట్లనే ఒక చిన్న వీథికి నౌరోజీ వీథి అని పేరు.