ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు

తుమ్మలపల్లె

అల్లుడూ,

వచ్చే నెల నుంచి క్వారీలో పని లేదన్నారని, ఆఫీసులో ఏదో కాగితం మీద సంతకం అడుగుతున్నారని అక్క ఫోన్లో ఏడ్చింది. అప్పట్నుంచి ఈ మామకు కుదురు లేదు.

ఇరవై ఏళ్ల కిందట ఈ మామ పనిచేసిన నాపరాయి ఫ్యాక్టరీ మూతబడినప్పుడూ అచ్చం ఇట్లాంటి కాగితమే ముందు పెట్టినారు. పైన నాలుగు వరుసల టైపు, కింద రెవెన్యూ స్టాంపు. చేతిలో రెండు వేలు పెట్టి, సంతకం చేయాల్సిన చోటు వేలితో చూపించినారు. ఇంటికొచ్చి నకలు చదివితే తెలిసింది: సొంత కారణాలతో పని మానుకుంటున్నట్టు, రావలసిందంతా ముట్టినట్టు ఉంది. తనంతట తాను మానుకున్నవాడికి తొలగింపు పరిహారం రాదు. తొమ్మిదేళ్ల చాకిరీ ఆ స్టాంపు కింద పోయింది.

తీసేసినవాడి హక్కు 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 25-ఎఫ్ సెక్షను కింద ఉండేది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలవుతోంది. లెక్క మాత్రం పాతదే. కారణం రాసి నెల ముందు నోటీసివ్వాలి, లేదంటే ఆ నెల జీతం కట్టాలి. పైగా చేసిన ప్రతి ఏటికీ 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన ముక్కా ఏడాది కిందికే వస్తుంది. అల్లుడివి 5 ఏళ్ల 7 నెలలు గనక 6 ఏళ్లు, అంటే 90 రోజుల కూలి. రోజుకు 600 అనుకున్నా 54,000 రూపాయలు. నోటీసు జీతం, గ్రాట్యుటీ వేరే.

అసలు పేచీ వచ్చేది హాజరు దగ్గర.

ఈ పరిహారం రావాలంటే ఏడాదిలో 240 రోజులు చేసి ఉండాలి. మన ఊరి యురేనియం గనిలో లోపలికి దిగేవాళ్లకైతే 190 చాలు. వారపు సెలవులు, జీతమిచ్చే సెలవులు కూడా కలపాలని 1985లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఆ రోజులు రుజువు చేయాల్సింది కార్మికుడేనని, ఒట్టి అఫిడవిట్ చాలదని 2002లో హదిమని కేసులో తేల్చింది. మస్టరు రోలు, అంటే హాజరు పుస్తకం, తెమ్మని యజమానిని కోర్టు ద్వారా అడగొచ్చు, నిజమే. అయినా వాళ్ల పుస్తకంలో ఏముంటుందో ఎవరు చూసినారు? గేటు పాసు, జీతం స్లిప్పులు, పీఎఫ్ పాసుబుక్కు, సూపర్‌వైజరు పెట్టిన షిఫ్టు మెసేజీలు, వీటిలో ఒక్కటీ పారేయకూడదు.

గనులు, క్వారీలు కేంద్రం పరిధిలోవి. అర్జీ జిల్లా లేబర్ ఆఫీసులో కాదు, కేంద్ర లేబర్ కమిషనర్ కార్యాలయంలో ఇవ్వాలి. వివాదం తలెత్తి రెండేళ్లు దాటితే అక్కడ రాజీకి తీసుకోరు.

ఆదివారం పొద్దున బస్సెక్కితే సరి. స్లిప్పులన్నీ గుడ్డసంచిలో వేసుకుని రావాలి. మామా అల్లుళ్లం అరుగు మీద కూర్చుని నెల నెలకూ రోజులు లెక్కేద్దాం. అంతవరకు ఆ కాగితాన్ని ఫోటో తీసి పంపితే చాలు.