చోదకుల పాఠశాల: 1999 నాటి ఫార్ములా త్రీ పందెములు

నిజాము రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో పని ప్రారంభించిన నాటనుండియు మన గౌలిగూడకు మోటారు సద్దు క్రొత్త గాదు. అయినను 2023వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీని హుస్సేనుసాగరపు గట్టున వినవచ్చిన సద్దు వేఱు. విద్యుచ్ఛక్తిచే నడచు ఏకాసన శకటములు, అనగా ఒక్క మనిషి మాత్రమే కూర్చుండదగిన పందెపు బండ్లు, ఆనాడు నగర వీథులలో పరుగిడెను. గెలిచినవాడు ఫ్రాన్సు దేశీయుడగు జాన్ ఎరిక్ వెర్న్. ఇతడు 2010లో బ్రిటిష్ ఫార్ములా త్రీ పందెములందు ప్రథముడుగా నిలిచినవాడు. అప్పుడతడు చేరియున్నది కార్లిన్ జట్టు. ఆ జట్టులోనే పదునొకం డేండ్లకు పూర్వము కోయంబత్తూరు యువకుడు నరేన్ కార్తికేయన్ బండి నడపెను. ఆ 1999వ సంవత్సరపు వృత్తాంతము విద్యార్థులు తెలిసికొనదగినది.

ఫార్ములా యనగా నియమావళి. ఇంజను పరిమాణ మెంత, బండి బరు వెంత యని ముందే నిర్ణయింతురు. 1999 నాటి ఫార్ములా త్రీలో ఇంజను రెండు లీటర్లది. అది గాలి పీల్చు ద్వారమును నియమానుసారముగా ఇఱుకు చేసెడివారు. గాలి తగ్గిన నింధనము మండుట తగ్గును, బలమును తగ్గును. కావున బండ్ల బలము ఇంచుమించు సమానమై, తోలువాని నేర్పు బయటపడెడిది. ధనవంతమైన జట్టునకు సౌకర్యము లెక్కువయను మాట మాత్ర మొప్పుకొనక తప్పదు.

ఒక్క పందెముతో విజేత తేలడు. ఆ యేడు వసంతము మొదలు అక్టోబరు వఱకు అనేక పందెములు జరిగెను. అప్పుడు మొదటివానికి 20 మార్కులు, రెండవవానికి 15, మూడవవానికి 12, పిమ్మట 10, 8, 6, 4, 3, 2, 1. ఇప్పుడొక లెక్క. నాలుగు పందెములలో రెండు గెలిచి, రెండింట బండి చెడి నిలిచిపోయినవానికి 40 మార్కులు. ఒక్కటియు గెలువక నాలుగింటను మూడవవాడుగా వచ్చినవానికి 48!

కార్తికేయన్ గతి యిట్టిదే. కెంటు మండలమందలి బ్రాండ్స్ హాచ్ బాటలో మొదటి మలుపు మిట్టమీదనుండి పల్లమునకు దిగును. మలుపులో ప్రవేశించునపుడు ముందరి దారి కానరాదు. అట్టిచోట నతడా యేడు రెండుమార్లు గెలిచెను. మొత్తముమీద ఐదుమార్లు మొదటి మూడు స్థానములలో నుండెను. అయినను సంవత్సరాంతమున దక్కినది ఆఱవ స్థానము.

ఆ పట్టికలో ప్రథముడు మార్క్ హైన్స్, ద్వితీయుడు లూసియానో బుర్టి, తృతీయుడు జెన్సన్ బటన్. దీనిని పరీక్షా ఫలితముల పట్టికవలె చదువువారు మోసపోవుదురు. ఏలయన, మూడవవాడైన బటన్ మఱుసటి యేడే ఫార్ములా వన్‌లో ప్రవేశించి 2009లో ప్రపంచ విజేత యయ్యెను. ప్రథముడైన హైన్స్ ఫార్ములా వన్ పందెము నొక్కదానినైనను నడపలేదు. ఆఱవవాడు ఆఱేండ్లు వేచియుండెను. 2005లో జోర్డాన్ జట్టున చేరి, ఫార్ములా వన్‌లో పందెము నడపిన ప్రథమ భారతీయు డయ్యెను.

ఆ యేడు జూన్ 19వ తేదీని అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో మిషలిన్ టైర్లు ఒక మలుపును తాళజాలవని తేలి, ఇరువది బండ్లలో పదునాలుగు వెనుదిరిగెను. మిగిలిన ఆఱింటిలో కార్తికేయన్ నాల్గవవాడై 5 మార్కులు పొందెను. ఫార్ములా వన్‌లో అతనికి దక్కిన మార్కు లవియే.