టెరిటోరియల్ ఆర్మీలో చేరాలంటే – ఏ పని? ఏ యూనిట్?



మన అరకులోయ వైపు పదో తరగతి దాటిన కుర్రాడు ఒక్కసారైనా "ఆర్మీకి వెళ్తాను" అనుకోకుండా ఉండడు. కొండలెక్కి పెరిగిన కాళ్ళు కాబట్టి పరుగంటే భయం లేదు. ఈ మధ్య "టెరిటోరియల్ ఆర్మీ ర్యాలీ పడింది, 42 ఏళ్ళ దాకా అవకాశం ఉంది" అనే మాట అందరి ఫోన్లలో తిరుగుతోంది. వయసు దాటిపోయిందని ఆశ వదులుకున్నవారు కూడా ఇదొక కొత్త ఉద్యోగమని సంబరపడుతున్నారు. మా ఇంట్లో డిగ్రీ వరకు వచ్చినది మేమే మొదలు కావడంతో ఊరిలో ఎవరికి ఏ నోటిఫికేషన్ వచ్చినా చదివి చెప్పమని మా దగ్గరకే తెస్తారు. అలా చదివి తెలుసుకున్న విషయాలను ఈ వార్షికోత్సవ సంచికలో మీతో పంచుకుంటున్నాం.

ఇది ఎలాంటి సైన్యం?

టెరిటోరియల్ ఆర్మీ చట్టం 1948లో వచ్చింది. 1949 అక్టోబరు 9న అప్పటి గవర్నర్ జనరల్ సి. రాజగోపాలాచారి ఈ దళాన్ని ప్రారంభించారు. అందుకే ఏటా అక్టోబరు 9న టెరిటోరియల్ ఆర్మీ దినం జరుపుతారు. 1962, 1965, 1971 యుద్ధాలలో ఈ దళాలు పనిచేశాయి. మామూలు రోజుల్లో తమ పని తాము చేసుకునే పౌరులు దేశానికి అవసరం వచ్చినప్పుడు యూనిఫాం వేసుకోవడం దీని ఉద్దేశం.

ఇది వృత్తి కాదు, ఉద్యోగం కాదు, జీవనోపాధి మార్గం కాదు అని ఆ సంస్థే స్పష్టంగా చెబుతోంది. చేరేవారికి అప్పటికే ఒక ఉద్యోగమో, స్వయం ఉపాధో ఉండాలి. శిక్షణలో ఉన్నప్పుడు, విధులకు పిలిచినప్పుడు రెగ్యులర్ సైనికులతో సమానంగా జీతభత్యాలు ఇస్తారు. పని ముగించి ఇంటికి పంపిన తరువాత ఆ జీతం రాదు. పింఛను రావాలంటే ఇలా విధుల్లో గడిపిన కాలమే సైనికులకు 15 ఏళ్ళు, అధికారులకు 20 ఏళ్ళు కావాలి. చేరిన రోజు నుంచి లెక్కపెట్టే సర్వీసు కాదు.

అలాగని పిలుపు రాదని ధీమాగా ఉండటానికీ వీల్లేదు. 2025 మే 6న కేంద్ర ప్రభుత్వం టెరిటోరియల్ ఆర్మీని విధులకు పిలిచే అధికారాన్ని సైన్యాధిపతికి ఇచ్చింది. మొత్తం 32 పదాతి బెటాలియన్లలో 14 బెటాలియన్లను దేశంలోని వివిధ కమాండ్లలో నియమించేందుకు అనుమతించింది. అంటే ఇది పేరుకు పెట్టుకునే హోదా కాదు. పిలిస్తే వెళ్ళి తీరాలి.

యూనిట్లు ఎన్ని రకాలు?

1. పదాతి బెటాలియన్లు: ఇవి గార్డ్స్, మద్రాస్, మహార్, బిహార్ వంటి పేరున్న రెజిమెంట్లకు అనుబంధంగా ఉంటాయి. మనకు దగ్గరలో సికింద్రాబాద్‌లో 125వ పదాతి బెటాలియన్ గార్డ్స్ రెజిమెంటుకు చెందినది. పదో తరగతి చదివిన సామాన్య పౌరులు చేరగలిగేది ఎక్కువగా ఈ బెటాలియన్లలోనే.

2. పర్యావరణ బెటాలియన్లు: బోడిగా మారిన కొండలపై మొక్కలు నాటి, వాటిని కాపాడి అడవిని పెంచడం వీరి పని. మొదటిది 1982లో డెహ్రాడూన్ ప్రాంతంలో ఏర్పడింది. అడవిలో పుట్టి పెరిగిన మనకు ఈ మాట వినగానే మనసు అటే పోతుంది. కానీ వీటిలో ప్రధానంగా మాజీ సైనికులనే తీసుకుంటారు. సైన్యంలో రిటైరై వచ్చిన మన ఊరి పెద్దలకు ఈ సంగతి తప్పక చెప్పండి.

3. శాఖాపరమైన యూనిట్లు: ఓఎన్‌జీసీ, ఇండియన్ ఆయిల్ వంటి సంస్థలలోనూ, రైల్వేలోనూ పనిచేసే ఉద్యోగులకు మాత్రమే. రైల్వే యూనిట్లను ఇటీవలి ఏళ్ళలో బాగా తగ్గించారు.

4. హోమ్ అండ్ హార్త్ బెటాలియన్లు: ఇవి ప్రధానంగా జమ్మూ కాశ్మీర్ స్థానికుల కోసం ఏర్పడినవి.

ఇంతకీ తేలేదేమిటంటే, మనం యూనిట్‌ను ఎంచుకునే ముందే యూనిట్ మనల్ని వడపోస్తుంది. నోటిఫికేషన్‌లో "ఏ రాష్ట్రం వారికి, ఏ యూనిట్‌కు, ఏ తేదీన" అన్న మూడు అంశాలు చూశాకే బస్సు ఎక్కాలి. మన రాష్ట్రం దక్షిణ గ్రూపు కిందకు వస్తుంది. 2024 నవంబరులో ఆ గ్రూపు ర్యాలీలు బెళగావి, కోయంబత్తూరు వంటి చోట్ల జరిగాయి. అరకు నుంచి బెళగావి వెళ్ళి రావడమంటే చార్జీలు, తిండి, పోయిన కూలి రోజులు అన్నీ లెక్కలోకి వస్తాయి. మన తేదీ కాని రోజున వెళితే గేటు దగ్గరి నుంచే తిరిగి రావాలి.

ఏ పాత్ర?

సోల్జర్ జనరల్ డ్యూటీ: పదో తరగతిలో మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 శాతం మార్కులు ఉండాలి. కాపలా, గస్తీ, ఆయుధ శిక్షణ ప్రధానం.

క్లర్కు: ఇంటర్‌లో మొత్తం 60 శాతం, ప్రతి సబ్జెక్టులో 50 శాతం అడుగుతారు. కంప్యూటర్, ఇంగ్లీషు వచ్చినవారికి నప్పుతుంది.

ట్రేడ్స్‌మన్: వంట, కుట్టుపని, క్షవరం, బట్టలు ఉతకడం, వడ్రంగం వంటివి. కొన్నింటికి ఎనిమిదో తరగతి చాలు. చేతిలో పని ఉన్నవాడు దీన్ని చిన్నచూపు చూడనవసరం లేదు. పోటీ రాసి క్లర్కు కాలేకపోయినవారికంటే, తన పని పరీక్షలో చక్కగా చేసి చూపినవాడే లోపలికి వెళతాడు.

అధికారి: డిగ్రీ ఉండి, సంపాదన ఉన్నవారు 18 నుంచి 42 ఏళ్ళ మధ్య దరఖాస్తు చేయవచ్చు. రీజనింగ్, లెక్కలు, జనరల్ నాలెడ్జి, ఇంగ్లీషులలో రాత పరీక్ష, తరువాత ఇంటర్వ్యూలు, సర్వీస్ సెలక్షన్ బోర్డు, వైద్య పరీక్ష ఉంటాయి. 2025 నోటిఫికేషన్‌లో ఖాళీలు 19. అందులో మహిళలకు 1. కపిల్ దేవ్, ధోనీ యూనిఫాంలో ఉన్న ఫోటోలు చూసి సులువని అనుకోవద్దు. వారివి గౌరవ హోదాలు. సచిన్ పైలట్ (2012), అనురాగ్ ఠాకూర్ (2016) వంటివారు మాత్రం పరీక్షలు దాటుకుని వచ్చారు.

సంతకం పెట్టే ముందు నాలుగు ప్రశ్నలు

ఒకటి: పిలుపు లేని నెలల్లో మన ఇల్లు దేనిమీద గడుస్తుంది? దీనికి జవాబు లేకపోతే మిగతా మూడు ప్రశ్నలు అనవసరం.

రెండు: ఏటా రెండు నెలల శిక్షణ శిబిరం ఏ నెలల్లో పడుతుంది? కాఫీ పండ్లు కోసే కాలం, వరి కోతలు నవంబరు తరువాత ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇంట్లో మరో జత చేతులు ఉన్నాయా? ఆశ్రమ పాఠశాలలో టీచరైతే పరీక్షల కాలం చూసుకోవాలి.

మూడు: యజమాని ఒప్పుకుంటాడా? ప్రభుత్వ ఉద్యోగులు తమ శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. విధులకు వెళ్ళివచ్చినవారిని తిరిగి పాత ఉద్యోగంలోకి తీసుకోవాలని చట్టం చెబుతోంది. కానీ రోజుకూలికి, కాంట్రాక్టు పనికి ఆ రక్షణ ఎంతవరకు అందుతుందో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

నాలుగు: అక్కడ నేర్చుకున్నది ఇంటికి తిరిగొచ్చాక పనికొస్తుందా? డ్రైవింగ్, వంట, రికార్డుల నిర్వహణ వంటివి ఊరిలోనూ అన్నం పెడతాయి.

ఉదాహరణకు మన హాస్టల్‌లో చదివి టీచరైన అన్న ఒకరు, రెండెకరాల కాఫీ తోట ఉన్న తమ్ముడు ఒకరు, ఏ పనీ దొరకని డిగ్రీ మిత్రుడు ఒకరు ఉన్నారనుకుందాం. టీచరన్నకు అధికారి పరీక్ష తగినది. కాఫీ తమ్ముడు ఇంటివారితో మాట్లాడుకుని జనరల్ డ్యూటీకి వెళ్ళవచ్చు. ముగ్గురిలోనూ ఎక్కువ ఆశపడేది మూడో మిత్రుడే. కానీ అతనికి ముందు కావలసింది స్థిరమైన సంపాదన. అతను రెగ్యులర్ ఉద్యోగాల పోటీ పరీక్షలకు కూర్చోవడమే మేలు.

మన ప్రాంతంవారు గమనించవలసినవి

పచ్చబొట్లు: సాధారణంగా ముంజేతి లోపలివైపు, అరచేతి వెనుక తప్ప వేరేచోట శాశ్వత పచ్చబొట్లు ఉంటే తీసుకోరు. ఆచారం ప్రకారం పొడిపించుకునే గిరిజన తెగలవారికి మినహాయింపు ఉంది. దానికి తగిన ధ్రువపత్రం ముందే సిద్ధం చేసుకోవాలి.

రక్త పరీక్ష: మన కొండల్లో సికిల్ సెల్ సమస్య ఉన్నది. ఆ వ్యాధి ఉన్నవారు సైనిక వైద్య పరీక్షలో నిలవరు. దగ్గరి ఆరోగ్య కేంద్రంలో ముందే పరీక్ష చేయించుకుంటే వృథా ప్రయాణం తప్పుతుంది. అంతకంటే ముఖ్యంగా వైద్యం వెంటనే మొదలవుతుంది. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

పేర్లు: పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఇంటిపేరు ఉంటే ర్యాలీ మైదానంలో ఎవరూ సరిచేయరు. హాస్టల్‌లో ఉండగానే సరిచేయించుకోండి.

దళారులు: సీటు ఇప్పిస్తామని డబ్బు అడిగేవారు ఎవరైనా సరే, మోసగాళ్ళే. మేకలు అమ్మి తెచ్చిన సొమ్ము వారి చేతిలో పోయవద్దు.

ఇప్పుడు హాస్టల్‌లో ఉన్నవారు ఏం చేయాలి?

పూర్తికాల సైనికుడు కావాలనుకుంటే దారి వేరు. 2022 జూన్‌లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద అగ్నివీర్‌గా నాలుగేళ్ళు పనిచేయాలి. ఆ తరువాత 25 శాతం వరకు మాత్రమే శాశ్వత సర్వీసులోకి తీసుకుంటారు. కాబట్టి అక్కడికి వెళ్ళేవారు కూడా దూరవిద్యలో డిగ్రీ కొనసాగించడం మంచిది. బడిలో, కళాశాలలో ఎన్‌సీసీ ఉంటే వదులుకోకండి. సర్టిఫికెట్‌కు బోనస్ మార్కులు ఉంటాయి. క్రమశిక్షణ ఎలా ఉంటుందో ముందే రుచి తెలుస్తుంది.

మిత్రులారా! దేశసేవ గొప్పదే. ఇంటిని నిలబెట్టుకుని చేసే సేవ పదికాలాలు నిలుస్తుంది. టెరిటోరియల్ ఆర్మీ మొదటి జీతం కోసం వెతుక్కునే చోటు కాదు. జీతమో పంటో చేతికి వచ్చాక దేశానికి కొంత కాలం ఇచ్చే చోటు. ముందు చదువు, తరువాత ఉపాధి, ఆ తరువాత యూనిఫాం – ఈ వరుస గుర్తుంచుకోండి. ఉద్యోగాల్లో ఉన్న అన్నలూ, అక్కలూ, ఈ పిలుపు అసలు మీకే. మీలో ఒకరు వెళ్ళి వచ్చి, వచ్చే సంవత్సరపు సంచికలో తమ అనుభవం రాస్తారని ఆశిస్తున్నాం.